బోర్డు లేని షెడ్డు, నాన్న పద్మిని: అనంతపురం ఫియట్ మేస్త్రీ గురించి

అనంతపురం రుద్రంపేట బైపాస్ దగ్గర ఒక సందులో రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు, ఫోన్‌లో మ్యాప్ పెట్టినా కనబడదు. సందు మొదట్లో ఉన్న పంక్చర్ అంగడిలో "ఫియట్ మేస్త్రీ యాడుంటాడు?" అని అడిగితే చెయ్యి చూపిస్తారు. ఇంట్లో పాత కారు పడి ఉండి, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వచ్చే నెల పెళ్లి ఊరేగింపుకి కారు నిగనిగలాడుతూ కావాలనేవాళ్లు ఇక్కడికి పోవద్దు. మీకూ ఆయనకూ పడదు.

మాది ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్. నాన్న తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడిపేవారు. చూపు మందగించాక కారు కొట్టంలోకి పోయింది. ఆయన పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కారు నడపడం వచ్చు, విప్పడం రాదు. మా తమ్ముడికి రెండూ రావు గానీ అభిప్రాయాలు చానా ఉన్నాయి.

ఈ కారు చూడని పిల్లల కోసం రెండు ముక్కలు. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 కారును బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసేది. 1970ల్లో దానికి పద్మిని అని పేరు పెట్టారు. 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్డు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, వెనక కమాన్ కట్టలు. కంప్యూటర్ అనేదే లేదు కాబట్టి స్పానర్లు, ఓపిక ఉంటే ప్రతి నట్టూ విప్పి మళ్లీ బిగించవచ్చు. ఆ ఓపిక ఉన్న మెకానిక్ దొరకడమే కష్టం. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, వాటిని చూసే షోరూములకు కొదవ లేదు. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బరేటర్ విప్పి కడగమంటే మాత్రం కుర్ర మెకానిక్కులు మొహం చూస్తారు.

ఈ మేస్త్రీ కంటే ముందు టౌన్‌లోనే ఇంకో గ్యారేజీ మనిషిని పిలిపించాం. పేరు చెప్పను. ఆయన వచ్చి, బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు చూసి, "ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగి సెకండ్ గేర్‌లో వదిలేద్దాం, స్టార్ట్ అయిపోతుంది" అన్నాడు. కాకపోతే మారుతి వ్యాన్ ఇంజిన్ ఎక్కిద్దామన్నాడు. పెయింటుతో కలిపి లక్షన్నర ప్యాకేజీ అని వాట్సాప్‌లో పెట్టాడు. మా తమ్ముడికి ప్యాకేజీ నచ్చింది, రంగుల కార్డు కూడా తెప్పించుకున్నాడు. నాకు ఆ రెండు నిమిషాల చూపు నచ్చలేదు.

ఫియట్ మేస్త్రీ మొదట అడిగింది డబ్బుల మాట కాదు. "అమ్మా, బండి యాడ నిలబెట్టినారు? మట్టి మీదనా, సిమెంటు మీదనా?" అన్నాడు. నాపబండల మీద అని చెప్పాను. "పైన కప్పుందా? ఎలుకలున్నాయా? ఆఖరిసారి ఎవరు నడిపినారు, నడిపినప్పుడు ఏం రోగముండె?" ఇట్లా అడుగుతూనే పోయాడు. ఆ తర్వాత, చూడ్డానికి రెండు వేలు, తాడిపత్రికి రానూ పోనూ బస్సు చార్జీ, పని ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది వెనక్కి రాదు అని చెప్పాడు. చూడ్డానికే రెండు వేలా అని మా తమ్ముడు. మొత్తం ఖర్చులో బాగా ఉపయోగపడిన డబ్బు ఆ రెండు వేలే అని నేను ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఆ రోజు ఆయన ఇంజిన్ జోలికి పోనేలేదు. గోనెపట్టా పరుచుకుని కారు కిందకు దూరాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పాత స్క్రూడ్రైవర్. ఫ్లోర్ అంతా అంగుళం అంగుళం పొడుస్తూ పోయాడు. గట్టి రేకైతే టంగుమంటుంది, తుప్పు తిన్న చోట స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతుంది. డ్రైవర్ కాళ్ల కింద అరచేయంత మేర దిగింది, డిక్కీలో స్టెప్నీ గుంట అంచున ఇంకో చోట దిగింది. మిగతాదంతా గట్టిగానే ఉంది. ఎందుకింత పట్టింపు అంటే, పద్మినికి లారీకీ జీపుకూ ఉన్నట్టు కింద విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. ఫ్లోర్, తలుపుల కింద పొడుగ్గా పెట్టెలా ఉండే పట్టీలు, అవే బరువంతా మోస్తాయి. అవి పోతే ఇంజిన్ ఎంత బాగున్నా లాభం లేదు. తలుపు తెరిచినప్పుడు కిందకు వాలుతోందా, మూసినప్పుడు సందు పైనా కిందా ఒకేలా ఉందా అని కూడా చూశాడు. "బండల మీద నిలబడి బతికింది. తేమ మట్టి మీదుంటే ఈ పాటికి అడుగు ఊడిపోయి ఉండు" అన్నాడు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం మీద పడేది 550 మిల్లీమీటర్ల వాన. మా వేరుశనగకు అది శాపం, మా కారుకు వరం.

తర్వాత అయస్కాంతం అడిగాడు. ఆయనది అరిగిపోయింది. నా హ్యాండ్‌బ్యాగులో ల్యాబ్‌ది ఒకటి ఉండటం చూసి మొదటిసారి నవ్వాడు. పెయింటు గీసుకుపోకుండా దానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుకుంటూ పోవాలి. రేకు ఉన్న చోట పట్టుకుంటుంది, దళసరిగా లప్పం పెట్టిన చోట జారిపోతుంది. ఎడమ వెనక మడ్‌గార్డు మీద జానెడు మేర జారింది. నాన్న ఎప్పుడో ఎవరికో గుద్ది, మాకెవరికీ చెప్పకుండా రిపేరు చేయించుకున్నాడన్నమాట. అమ్మకు ఈ సంగతి చెప్తే "నాకు తెలుసు" అంది. ఇంకేం చెప్పలేదు.

చివర్లో నా నోట్‌బుక్కు తీసుకుని కాగితం మీద రాసిచ్చాడు. ఏం పోయింది, ఏం ఉంది, ఏది ముందు, ఏది తర్వాత. తెలుగూ ఉర్దూ కలిసిన రాత, స్పెల్లింగులు చూడకూడదు గానీ వరస మాత్రం పక్కా. మొదట ఫ్లోర్, రెండోది బ్రేకులు, మూడోది పెట్రోల్ లైను, నాలుగోది ఇంజిన్, ఐదోది వైరింగు. పెయింటు ఆ కాగితంలో ఎక్కడా లేదు. అదెప్పుడని తమ్ముడు అడిగితే, "బండి తనంతట తాను నడిచి పెయింటర్ కాడికి పోవల్ల సార్. మోసుకుపోయి రంగేస్తే, మళ్లా విప్పేటప్పుడు ఆ రంగంతా మేమే గీకాల్సొస్తాది" అన్నాడు. పాత కారు మీద డబ్బు పెట్టేవాళ్లలో చాలామంది పెయింటుతో మొదలుపెట్టి ఇంజిన్ దగ్గర ఆగిపోతారు. ఆ షెడ్డులోనే అట్లాంటి అంబాసిడర్ ఒకటి ఉంది. పైన తెల్లగా తళతళ, కింద నాలుగు ఇటుకలు.

తాడిపత్రి నుంచి రికవరీ బండి మీద తెచ్చాం, ఆరు వేలు తీసుకున్నారు. తాడు కట్టి లాక్కొస్తే చౌకే, కానీ బ్రేకులు లేని కారును హైవే మీద లాగడానికి మేస్త్రీ ఒప్పుకోలేదు.

ఇంజిన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ట్రాక్టర్ సలహా ఇచ్చే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఏళ్ల తరబడి తిరగని ఇంజిన్‌లో ఆయిల్ అంతా కిందకు దిగిపోయి బేరింగులు పొడిగా ఉంటాయి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసి ఉండొచ్చు. వాల్వు ఒకటి తెరుచుకున్న చోటే బిగుసుకుపోయి ఉండొచ్చు. అట్లాంటప్పుడు బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, వాల్వును తోసే కడ్డీ (పుష్‌రాడ్) వంగుతుంది, బాగున్న ఇంజిన్ కాస్తా బోరింగుకు, అంటే సిలిండర్లను లోపల కోసి వెడల్పు చేసే పనికి పోతుంది. ఈయన ఏం చేశాడంటే, నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం కొంచెం పలచటి నూనె పోసి ఊరికే వదిలేశాడు. నేను పోయినప్పుడల్లా ఏమైందని అడగడం, "నానుతాంది" అని ఆయన అనడం. పాత ఆయిల్ దించి, తారులా ఉన్న మడ్డిని చూపించి, కొత్తది పోశాడు. ఆ తర్వాత ముందు పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి, చేత్తో, సెల్ఫ్ వాడకుండా, అర అంగుళం ముందుకూ అర అంగుళం వెనక్కీ. పూర్తి చుట్టు తిరిగిన రోజు నాకు ఫోన్ చేశాడు. ఆయన తనంతట తానుగా చేసిన ఫోన్ అదొక్కటే.

నాకు బాగా నచ్చింది కంప్రెషన్ పరీక్ష. ప్లగ్గు రంధ్రంలో గేజ్ పెట్టి ఇంజిన్ తిప్పితే సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టి ఉంచుతోందో తెలుస్తుంది. అంకె ఎంతన్నదానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. మాకు మూడు సరిగానే ఉన్నాయి, మూడో నంబరు సిలిండర్ బాగా తక్కువ చూపించింది. అప్పుడు దాంట్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. లోపం రింగుల్లో ఉంటే ఆ నూనె సందును కాసేపు మూసేస్తుంది, ముల్లు పైకి లేస్తుంది. లేవలేదంటే గాలి వాల్వు దగ్గరో, ఇంజిన్ పై మూత (హెడ్) కింద ఉండే ప్యాకింగ్ దగ్గరో పోతోందని అర్థం. లేవలేదు. హెడ్ దించితే ఎగ్జాస్ట్ వాల్వు ఒకటి సరిగా కూర్చోవడం లేదు. లేత్‌లో వాల్వులు గ్రైండింగ్ చేయించి, కొత్త ప్యాకింగ్ వేసి ఎక్కించాడు. బోరింగ్ లేదు, మారుతి ఇంజిన్ లేదు. మా పిల్లలకు ప్రెషర్ పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ ఉదాహరణే చెప్తున్నా. ఇంజిన్ మారిస్తే ఆర్‌సీలో కూడా ఆ మార్పు ఎక్కించుకోవాలని ఆ ప్యాకేజీ మనిషి మాకు చెప్పనేలేదు.

పెట్రోల్ ట్యాంకు దించినప్పుడు వచ్చిన వాసన గురించి చెప్పను, భోజనం చేసేవాళ్లు ఉంటారు. లోపల తుప్పు పొరలు. కడిగి, ఆరబెట్టి, కార్బరేటర్ మొత్తం విప్పి జెట్లలో గాలి కొట్టి శుభ్రం చేశారు. ట్యూబులన్నీ మార్చమన్నాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, 1984లో ఈ కారు రబ్బరు దానికోసం చేసింది కాదు. పాత ట్యూబులు మెత్తబడి చీలిపోతాయి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి కారును ఫుల్ ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టవద్దని గట్టిగా చెప్పాడు. ఎవరికి పాత బండి ఉన్నా, పనికి ఇచ్చినా ఇవ్వకపోయినా, ఈ ట్యూబులు మాత్రం చూపించుకోండి.

బ్రేకుల్లో ఏమీ మిగల్లేదు. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల దగ్గరి సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, లైనింగులు అన్నీ మార్చాల్సిందే. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను లాక్కుంటుంది, అందుకే లోపలి నుంచి తుప్పు. దీని మీద పదమూడు వేలు దాటింది. బేరం ఆడలేదు. టైర్ల మీద గీతలు కొత్తవాటిలా ఉంటే వాటినే ఉంచుదామని తమ్ముడు అన్నాడు. మేస్త్రీ గాలి కొట్టించి పక్కన పగుళ్లు చూపించాడు. మాట్లాడకుండా కొత్తవి కొన్నాం. సైజు 5.20-14, అంగట్లో వెంటనే దొరకదు, చెప్పి తెప్పించుకోవాలి.

ఇక్కడ సామాన్ల మాట చెప్పాలి. అనంతపురంలో దొరికేవి ప్లగ్గులు, ఫిల్టర్లు, బల్బులు అంతే. మిగతాది బెంగళూరు జేసీ రోడ్డు. మేస్త్రీకి అక్కడ తెలిసిన అంగళ్లు ఉన్నాయి, ఫోన్‌లో చెప్తే బస్సులో వేసి పంపుతారు. పాత బొంబాయి టాక్సీల నుంచి విప్పిన సామాను కూడా వస్తుంది. అక్కడ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి కదా. సామాను బిల్లు ఉన్నది ఉన్నట్టు ఇస్తాడు, కమీషన్ కలపడు. నేను రెండు మూడింటికి ధర కనుక్కుని చూశాను, సరిపోయింది.

ఇంక లోపాలు. వైరింగు ఈయన చేయడు, ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడికి అప్పగిస్తాడు. ఆ పని నాకు నచ్చలేదు. ఎలుకలు కొరికిన చోట పాత తీగకు కొత్త తీగ మెలిపెట్టి టేపు చుట్టి అయిపోయిందన్నాడు. ఫ్యూజులో మందం తీగ పెట్టాడు. ఎక్కువ కరెంటు పోయినప్పుడు ముందు కరిగిపోవడమే ఫ్యూజు పని, అది కరక్కపోతే తీగలే కాలతాయి. నేను ఊరుకోలేదు. మేస్త్రీ కూడా నా వైపే మాట్లాడాడు, మళ్లీ విప్పించాడు. మొత్తం హార్నెస్, అంటే కారులోని తీగల కట్టంతా కొత్తది వేయాలని తేలింది, అదింకా రాలేదు. వైరింగు విషయంలో మీరు దగ్గర నిలబడి చూసుకోండి, లేదా వేరేవాళ్లతో చేయించండి.

రెండోది కాలం. ఉగాది తర్వాత ఇచ్చాం, దసరా దాటింది. "వచ్చే వారం" అనే మాటను ఆయన ఏ వారానికైనా వాడతాడు. మధ్యలో ఎవరిదైనా ట్రాక్టరో, పాల ఆటోనో వస్తే మన కారు పక్కకు పోతుంది. వాళ్ల పొట్టకూడు బండ్లవి, మాది సరదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను గానీ కోపం వస్తుంది. ఆడవాళ్లు కూర్చోవడానికి చోటు లేదు, బాత్రూము మాట అడగొద్దు. నాకోసం పంక్చర్ అంగడి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పిస్తారు, టీ కూడా తెప్పిస్తారు, టీ బాగుంటుంది. ప్రతి పని ధరా ముందే చెప్తాడు, కానీ పక్కా బిల్లు ఉండదు, ఆ నోట్‌బుక్కే బిల్లు. ఇప్పటిదాకా టింకరింగ్, ఇంజిన్, బ్రేకులు, ట్యాంకు, టైర్లు, రవాణా అన్నీ కలిపి ఎనభై వేలకు దగ్గర్లో ఉంది. లక్షన్నర ప్యాకేజీ కంటే తక్కువే గదా అని మీరు అనొచ్చు. పెయింటు, సీట్లు, హార్నెస్ ఇంకా మిగిలే ఉన్నాయి. ఈ లెక్క లక్షన్నర దాటుతుంది. కాకపోతే ఏ రూపాయి ఎక్కడ పోయిందో నాకు తెలుసు.

ఫ్లోర్ పని మాత్రం చూసి తీరాలి. తుప్పు తిన్న మేర కోసేసి, అదే మందం రేకు కొట్టి వంచి, అంచులు కలిపి వెల్డింగ్ చేసి, రెండు వైపులా ప్రైమర్ కొట్టారు. పైన రేకు ముక్క పెట్టి లప్పం పూసేసి మ్యాట్ కప్పేసే రకం కాదు. మ్యాట్ కింద ఎవరూ చూడరు గదా అని నేనే అన్నాను. "నేను జూస్తాను గదమ్మా" అన్నాడు.

కాగితాల విషయంలో ఈయన సాయం చేయడు, అది మీరే చూసుకోవాలి. ఓనరు చనిపోతే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, ఆపైన ఐదేళ్లకోసారి రెన్యువల్. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు కేంద్రం 2025 ఆగస్టులో రెన్యువల్ ఫీజు పది వేలు చేసింది. దానికి గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అదనం. వింటేజ్ నంబరు అని నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలతో వేరే రకం రిజిస్ట్రేషన్ 2021లో తెచ్చారు. కొత్తగా చేయించుకోవడానికి 20,000 ఫీజు. కానీ కారుకు 50 ఏళ్లు దాటాలి, రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు. మా దానికి 2034 దాకా ఆ యోగం లేదు. కారు మొదట ఎలా ఉందో అలాగే ఉండాలన్నది ఆ నిబంధనల్లో ఉంది కాబట్టి, మీ కారు అంత పాతదైతే ఇంజిన్ మార్చే సలహాలకు అసలే చెవి ఒగ్గొద్దు.

ఇప్పుడు కారు స్టార్ట్ అవుతుంది, షెడ్డు ముందు ఖాళీ స్థలంలో ముందుకూ వెనక్కూ నడుస్తుంది, బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ నిలబడతాయి. హార్నెస్ వస్తే ఫిట్‌నెస్‌కు తీసుకుపోవాలి. తమ్ముడు రంగుల కార్డు మళ్లీ బయటికి తీశాడు. నాన్న వేయించిన మీగడ రంగే వేయిస్తానని నేను, ఎరుపని వాడు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

పోవాలనుకునేవాళ్లకు: ఫోన్ చేయొద్దు, ఎత్తడు. ఉదయం పదిలోపు పోండి, తర్వాత ఏదో ఒక బండి కిందకు దూరిపోతాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ షెడ్డు మూసి ఉంటుంది, ఆదివారం తెరిచే ఉంటుంది. కారు లోపలా కొట్టంలోనూ దొరికిన ప్రతి నట్టూ, తాళంచెవీ, పాత రిపేరు బిల్లూ ఒక సంచిలో వేసి వెంట తీసుకుపోండి. మా డిక్కీ మూలలో దొరికిన, నేను చెత్తలో వేయబోయిన ఒక ఇత్తడి ముక్క కార్బరేటర్‌దని ఆయన చూడగానే పట్టుకున్నాడు.